బండకు లేని ముఖం

రైలు గంట లేటని మీరా సాహెబ్ వచ్చి చెప్పేసరికి బాలశౌరికి పోయిన ప్రాణం లేచొచ్చింది. నడికుడి స్టేషన్లో గంట కొట్టేదీ, జెండా ఊపేదీ, లాంతర్లు తుడిచేదీ మీరా సాహెబే కనక, అతను గంటంటే గంటే. అమ్మయ్య, ఇంకో గంట దాకా ఎక్కక్కర్లేదు అనుకున్నాడు బాలశౌరి. అనుకున్న మరుక్షణమే, ఆ గంటసేపూ ఈ రాతిబెంచీ మీద కూర్చుని భయపడాలి గదా అని తట్టింది, వచ్చిన ప్రాణం వచ్చిన దారినే వెళ్ళిపోయింది. పొద్దు అప్పుడే పట్టాల మీదికి పాకుతోంది. మాఘమాసపు చలి ఇంకా పోలేదు. "ఏం పని మేష్టారూ గుంటూరులో, అత్తగారిని కూడా ఎంటేసుకుని?" అని అడిగాడు మీరా సాహెబ్. "ఏం లేదు సాయిబూ, ఊరికే, బడి పని" అన్నాడు బాలశౌరి, అని కోటు జేబు తడుముకున్నాడు. కోటు అతనిది కాదు, హెడ్మాస్టరు కృపావరం గారిది, చేతులు పొడుగై వేళ్ళ దాకా కప్పేస్తున్నాయి. జేబులో ఉత్తరం ఉంది, ఉండకపోతే బాగుండుననుకున్న ప్రతిసారీ ఉంది. మిషన్ బడిలో లెక్కలూ డ్రాయింగూ చెప్పే ఈ ముప్పై ఆరేళ్ళ మనిషికి పిల్లలు భయపడరు; ఇనస్పెక్టరు వచ్చే రోజున ఇతనే పిల్లల కంటే ముందు భయపడి, వాళ్ళతో సమానంగా చెమట్లు పోసుకుంటాడు. అలాంటివాడికి మదరాసు నుంచి పెద్దమనిషి వస్తున్నాడంటే ఎలా ఉంటుందో చెప్పాలా.

ఉత్తరం ఇంగ్లీషులో టైపు కొట్టి వచ్చింది. కృపావరం గారు చదివి, సంబరపడి, మళ్ళీ చదివి, అర్థం చెప్పారు. పాత రాతిశిల్పాన్ని చూసి తాము గీసి పంపిన బొగ్గుబొమ్మను గుంటూరు చిత్రకళా ప్రదర్శనలో గోడకెక్కించాం. మొదటి రోజున దాన్ని చూసిన మదరాసు పెద్దమనిషి, పాత శిల్పాలు బాగా ఎరిగినవారు, దాని ముందు నుంచి కదల్లేదు. ఆ కాలపు రాళ్ళలో ఇంత నిండైన ముఖం, ఒక్క గీత చెరగని ముఖం, తన ఎరుకలో దొరకలేదన్నారు. సోమవారం పదకొండు గంటలకు ఆయన మళ్ళీ వస్తున్నారు, తమరు రావలెను, రాయి ఎక్కడున్నదీ తమ నోట వినాలని వారి కోరిక, వీలైతే దాన్ని జాగ్రత్తగా మదరాసు తరలిస్తారు. పన్నెండున్నరకు అందరం కలిసి హోటల్లో భోజనం. రెండింటికి రెండో హాలు చూడవచ్చును. ఇట్లు ఆనందరావు, కార్యదర్శి. ఇదంతా చదివి కృపావరం గారు బాలశౌరి భుజం తట్టి, "అదృష్టవంతుడివయ్యా! పాతరాళ్ళంటే సర్కారు సొత్తు, తెలుసా? వాటిమీద ఉలి పెట్టినవాణ్ణి జైల్లో వెయ్యొచ్చట. నువ్వు బొమ్మ గీసి బతికించావు" అన్నారు. ఆయన మెచ్చుకుంటూ అన్న మాటే. అప్పటి నుంచి బాలశౌరికి అన్నం సహించలేదు. ఉలి పెట్టాడు. తన చేత్తోనే పెట్టాడు. సిలువ చెక్కాడు, దాని కింద పేరు చెక్కాడు, పేరు కింద సంవత్సరం చెక్కాడు, వంకర పోకుండా దారం పట్టి మరీ చెక్కాడు.

"రైలు దిగంగానే కొళాయి కాడ మొకం కడుక్కోవాల" అంటోంది పక్కన ఆదెమ్మ, చిటికెన వేలు మడిచి. ఆమె బాలశౌరి అత్తగారు. ఒక్కగానొక్క కూతురు పోయాక ఈ రెండేళ్ళుగా అల్లుడింట్లోనే ఉంటోంది. అరవై దాటినా రైలెక్కింది లేదు, గుంటూరు చూసింది లేదు. ఉత్తరం సంగతి విన్న దగ్గర్నుంచి నేనూ వస్తానని కూర్చుంది. వద్దనడానికి బాలశౌరికి నోరు రాలేదు, ఏ కారణం చెప్పినా అసలు కారణం బయటపడేట్టుంది. "జట్కా ఎక్కాల. బొమ్మలు చూడాల. పన్నెండున్నరకు హోటల్లో కూడు తినాల, అదీ అసలు పని. ఆకులో ఏస్తారంటగా? రేషను రోజుల్లో కూడా తెల్లన్నం పెడతారంట, కృపావరం గారి భార్య చెప్పింది. నేతి చుక్క ఏస్తారంట. ఆ తర్వాత రెండో హాలు. ఆ తర్వాత సాయంత్రం బండి." ఒక్కో వేలూ మడిచి, మళ్ళీ అన్నీ విప్పి, మొదటి నుంచి మొదలుపెడుతుంది. ఒడిలో మూట ఉంది. అందులో నాలుగు జొన్నరొట్టెలూ గోంగూర పచ్చడీ. హోటలుకు పోతూ మూటెందుకత్తా అంటే, "పెట్టకపోతే?" అంది. అంతే అంది. ఎందుకు పెట్టరో ఇద్దరికీ తెలిసిందే.

ట్రైనింగుకని గుంటూరులో ఉన్న రోజుల్లో పదహారేళ్ళ కిందట అతనూ ఒక హోటలు ముందు నిలబడ్డాడు. లోపల కాదు, పక్కసందులో, గోడకు కొట్టిన కిటికీ దగ్గర. అక్కడ ఒక సత్తుగ్లాసు విడిగా ఉండేది, పైనుంచి కాఫీ ధారగా పోసేవాళ్ళు, తాగి కడిగి బోర్లించి రావాలి. కాఫీ బాగుండేది, అదే బాధ. వేడి వేడి కాఫీ, నోరు కాల్చే కాఫీ, ఆ నురగ వాసన ఇప్పటికీ ముక్కులో ఉంది. ఆ గ్లాసు అంచు మీద ఒక సొట్ట ఉండేది, పెదవికి తగిలేది. ఇప్పుడా ఊళ్ళోనే తనను లోపలికి పిలిచి ఆకు వేస్తారట. తన కోసమా? తన కోసం కాదు, రాయి కోసం. ఆకు ముందు కూర్చున్నాక ఎవరన్నా ఇంటిపేరు అడిగితే, లేవమంటే, ఈ కోటుతో ఎలా లేవాలి, ఆదెమ్మను ఎలా లేపాలి, ఆమె లేస్తుందా, లేవకపోగా నాలుగు తిడుతుందా. లేదూ, ఎవరూ ఏమీ అనకుండా వడ్డించి, మొదటి ముద్ద నోట్లో ఉండగా, సరే మాష్టారూ, రాయి ఎక్కడుంది అని అడుగుతారు. అదే ఎక్కువ భయం. ముద్ద మింగలేడు, కక్కలేడు. పక్కన ఆదెమ్మ ఉంటుంది. ఆమె ఆగదు. నేతిచుక్క వేసిన మనుషులకు అబద్ధం చెప్పడం ఆమెకు చేతకాదు. అయ్యో, మా పిల్ల సమాధి మీదే ఉందయ్యా, రాండి చూపిస్తా అంటుంది.

అది మొదట బట్టలుతికే బండ. మామ ఎప్పుడో దిబ్బచేను దున్నుతుంటే నాగలికి తగిలితే, బండిమీద వేసుకొచ్చి బావి దగ్గర పడేశాడట. మన పల్నాటి రాయే, తెల్లగా, నున్నగా, నిలువునా మనిషి ఛాతీ దాకా వస్తుంది. అతని భార్య ప్రేమమ్మ కాపురానికి వచ్చేటప్పుడు పుట్టింటి నుంచి అడిగి మరీ తెచ్చుకుంది, అందరూ నవ్వారు, పందిరిమంచం తెచ్చుకుంటారు గానీ చాకలిబండ తెచ్చుకుంటారా అని. దానిమీద ఉతికితే చీర చిరగదనేది. పదకొండేళ్ళు ఉతికింది. ఉతికీ ఉతికీ రాయి నడుమ పల్చగా గుంట పడింది, అరచేయి పెడితే సరిగ్గా ఇమిడేది. ఒక గాలివాన రోజు బావిగట్టు కుంగి బండ పక్కకు ఒరిగింది. "ఏమయ్యో, ఇటు రా, బిరీన రా" అని ఆమె పెట్టిన కేకకు పాము కరిచిందేమోనని పరిగెత్తాడు. అడుగువైపు మట్టి కొబ్బరిపీచుతో రుద్దుతోంది ప్రేమమ్మ, రుద్దినకొద్దీ ఒక కాలు, కాలికి కడియం, ఎత్తిన రెండో పాదం, పాదంలో ముల్లు తీసుకుంటున్న రెండు వేళ్ళు, ఒంగిన నడుము. మెడ దాకా వచ్చి ఆగిపోయింది. అక్కడ రాయి విరిగిపోయి ఉంది, ఎన్ని వందల ఏళ్ళ కిందట విరిగిందో. "ఇన్నేళ్ళ సంది ఈయమ్మ వీపు మీద గుడ్డలుతుకుతన్నా" అంది ప్రేమమ్మ, నోటిమీద చెయ్యేసుకుని. అని, రాయి వెనక్కి పోయి కూర్చుని, విరిగిన చోట గడ్డం ఆనించి, "మొకం లేదు పాపం. నాది ఇస్తన్నా. బాగుందా?" అంది. నవ్వకుండా ఉండబోయి నవ్వేసింది. ముంగురుల మీద మట్టి ఉంది. ఎడమ కనుబొమ మీద కూడా ఉంది, అది మాత్రం బొమ్మలో గీయలేదు.

ఆ మాటకు మూడేళ్ళు నిండకుండా జ్వరం వచ్చింది, తొమ్మిది రోజులు ఉంది, పదోరోజు ఆమె లేదు. ఒక్క ఫోటో లేదు. ఫోటో తీయించుకుందామని రెండుసార్లు అనుకున్నారు, యుద్ధం రోజుల్లో ఫిలిం దొరకదన్నారు, తర్వాత చూద్దామనుకున్నారు. నేను పోతే ఆ బండే పెట్టించు, వేరే రాయి బరువు నేను మొయ్యలేను అందామె జ్వరంలో. ఆ మాట మీద బండను సమాధుల తోటకు తోలిస్తే ఫాదరుగారు వంగి చూసి, బొమ్మ లోపలికి, సిలువ పైకి, అలాగైతే ఉండనిద్దాం నాయనా అన్నారు. మంచివారు, ఇప్పుడు వేరే ఊళ్ళో ఉన్నారు. బోర్లా పెట్టే ముందు నలభై రోజులు రాయి ఇంట్లోనే గోడకు ఆనించి ఉంది. బడి నుంచి వచ్చి దాని ముందు కూర్చునేవాడు. కాగితం కరువు రోజులు, బడిలో చిరిగిన ఐరోపా పటం ఉంటే దాని వెనకవైపు గీశాడు, యుద్ధం తర్వాత ఐరోపా ఎలాగూ ఆ పటంలో ఉన్నట్టు మిగల్లేదు. కాలు గీశాడు, కడియం గీశాడు, ముల్లు గీశాడు, ఉన్నది ఉన్నట్టు. మెడ దగ్గరికి వచ్చాక చెయ్యి ఆగలేదు. ఆపాలని తోచలేదు. బొగ్గు అరిగిపోయింది, ఇంకోటి తీసుకున్నాడు, దీపం పెట్టే వేళకు ప్రేమమ్మ తలొంచుకుని, తన పాదంలో ముల్లు తనే తీసుకుంటూ, నవ్వకుండా ఉండబోతోంది. అప్పుడు ఏడ్చాడు, అంతదాకా ఏడవనివాడు. తర్వాత బొమ్మను చాపలో చుట్టి అటక మీద పెట్టాడు, రాయిని తీసుకుపోయి బోర్లించాడు, ఆమె చేతుల కింద అరిగిన వైపున ఆమె పేరు చెక్కాడు.

నిరుడు బదిలీ మీద వచ్చిన కృపావరం గారు ఏదో పనికి ఇంటికొచ్చి బొమ్మ చూశారు. గుంటూరు పంపాల్సిందే అన్నారు. సమాధి ఆయనకు తెలుసు, దాని కిందివైపు ఏముందో తెలియదు. ప్రదర్శనవాళ్ళ ఫారంలో ఒక ప్రశ్న ఉంది: ఇది కల్పనా, నకలా? కలం పట్టుకుని ఎంతసేపు కూర్చున్నాడో. కల్పన అని రాస్తే ఆమె లేనట్టే గదా అనిపించింది. అదీ అతను చేసిన తప్పు. నకలు, ఉన్నది ఉన్నట్టు, అని రాసి సంతకం పెట్టాడు. ఫాదరు ముందు పాపసంకీర్తనంలో కోపం, బద్ధకం, ఆదివారం పూజకు ఆలస్యం అన్నీ చెప్పుకునే మనిషి, ఇది మాత్రం చెప్పలేదు, ఇది అబద్ధమని అప్పటికి అనుకోలేదు. ఇప్పుడు మదరాసు నుంచి ఆ ముఖం కోసం వస్తున్నారు. గడ్డపలుగులు తెస్తారు. బండను లేపుతారు, ఆమె నెత్తిన బెడ్డలు రాల్తాయి, తిరగేస్తే మెడ పైన ఏమీ ఉండదు, ముఖం ఏదిరా అంటారు, ఈ పేరు ఎవరు చెక్కారు, ఈ సిలువ ఎవరు చెక్కారు అంటారు. రాయిని ఎలాగూ తీసుకుపోతారు, లేపాక వదులుతారా. ఉట్టి మట్టి మిగుల్తుంది. వానకు కుంగుతుంది. రాయి కృష్ణలో పడిపోయిందని చెపితే? ఎవరు పడేశారంటారు. రాయి సంగతి నాకు తెలియదంటే? మరి నకలెక్కడిదంటారు. ఎటు తిరిగినా ఆదెమ్మ ఉంది. బొమ్మ ఆమె చూడలేదు. పదకొండు గంటలకు హాల్లోకి అడుగుపెట్టి, గోడమీద చచ్చిపోయిన కూతురు కనిపిస్తే, ఆ ముసలిది ఏమవుతుంది? అరుస్తుందా, పడిపోతుందా, గుండె ఆగుతుందా? ఈ ఆలోచన వచ్చేసరికి బెంచీ అంచు పట్టుకున్నాడు.

"కొళాయి కాడ మొకం కడుక్కోవాల, జట్కా ఎక్కాల..." అంటోంది ఆదెమ్మ.

"అత్తా, నువ్వు ఇంటికి పో" అన్నాడు. "జనం చానా ఉంటారు. తొక్కిసలాట. నేను పోయి సాయంత్రానికి వస్తా."

ఆదెమ్మ మడిచిన వేలు మడిచినట్టే పెట్టుకుని చూసింది. "హోటలు కూడు లేకపోతే లేకపోయె. బొమ్మ చూడకుండా పోను."

"ఏం బొమ్మత్తా అది? మన బండ బొమ్మే గదా. నువ్వు ఎరగని బండా?"

"బండకు మొకం ఉందా అబ్బాయా?"

పట్టాల అవతల ఒక మేక అరుస్తోంది. మీరా సాహెబ్ లాంతరు గాజు తుడుస్తున్నాడు. ఆదెమ్మ అతనివైపు చూడకుండా పట్టాల వైపు చూస్తూ చెప్పింది, కోపం లేకుండా, కూరలో ఉప్పు సంగతి చెప్పినట్టు. "అటక మీద చాప నాకు తెలవదనుకున్నావా. నువ్వు ఇస్కూలుకు పోంగానే దించుకునేదాన్ని. రోజూ చూసేదాన్ని. చూసుకుని, మళ్ళా నువ్వు చుట్టినట్టే చుట్టి పెట్టేదాన్ని. ముక్కు కాడ తప్పేశావయ్యా, దాని ముక్కు అంత సన్నం కాదు, మా వైపు ముక్కు. మిగతాదంతా అదే. నువ్వు పంపిచ్చేసినాక చూసుకోను ఏమీ లేకపోయె. నాలుగు నెలలాయె. అడుగుదామంటే, నువ్వు దాచుకున్నది అడిగినట్టు ఉంటది. అందుకే హోటలు కూడు, నేతిచుక్క అని మొత్తుకుంటన్నా. నాకు నెయ్యి పడదని నీకు తెలవదా?"

తెలుసు. నెయ్యి ఆమెకు పడదు, వాసన కూడా పడదు. నాలుగు రోజులుగా వింటూ ఉండి, తన భయం తప్ప ఇంకొకటి చెవిన పడలేదు అతనికి. సిగ్గేసింది. కోటు చేతుల్లోంచి వేళ్ళు బయటికి తీసి ఆమె మూటమీద పెట్టాడు, చేతిమీద పెట్టడానికి ధైర్యం చాలక. "వాళ్ళు అడుగుతారత్తా. రాయి యాడుందంటారు. పెళ్ళగించుకుపోతారు."

"మొకం కోసమే గదా వాళ్ళు వచ్చేది? మొకం లేదని చెప్పు. తలకాయ లేని బండ కోసం మదరాసు నించి వస్తారా?"

"ఉన్నది ఉన్నట్టని కాగితంలో రాసిచ్చానత్తా. ఇప్పుడు కాదంటే నేను అబద్ధాలకోరునవుతా. అంతమంది ముందర. బొమ్మ దించేస్తారు. కృపావరం గారు మళ్ళా నా మొకం చూడరు."

"అవుతావు" అంది ఆదెమ్మ. "దించేస్తే చంకన పెట్టుకుని తెచ్చుకుందాం. ఒక్క పూట సిగ్గుపడలేవా, నా బిడ్డ కోసం?"

బాలశౌరికి భయం పోయిందనడానికి లేదు. మొకం లేదన్నా ఊరుకోకపోతే? ఉన్నంత వరకూ చాలు, ఆ కాలూ కడియమూ చాలు, చూపించు అంటే? అంటారేమో. అనవచ్చు. అప్పుడు నిజం చెప్పాలి, సమాధి అని చెప్పాలి, ఆమె పదకొండేళ్ళు ఉతికిన గుంటలో పేరు రాశానని చెప్పాలి, విని ఏం చేస్తారో వాళ్ళ ఇష్టం. అదంతా ఆకు ముందు కాదు, హాల్లోనే, అడుగుపెట్టగానే, ఎవరూ అడక్కముందే. అంతమంది కోట్లవాళ్ళ ముందు. అయినా పిడుగురాళ్ళ వైపు పోయే పట్టాలను చూస్తుంటే, ఇందాకటిలా పారిపోవాలని లేదు, త్వరగా అయిపోతే బాగుండునని ఉంది.

మీరా సాహెబ్ గంట కొట్టాడు. మాచర్ల వైపు నుంచి పొగ కనిపించింది. జనం మూటలెత్తుకుని అటూ ఇటూ పరిగెత్తారు, బండి ఆగీ ఆగకముందే చోటు కోసం కిటికీల్లోంచి తువ్వాళ్ళు పడ్డాయి. ఆదెమ్మను పెట్టె మెట్టు ఎక్కిస్తూ మీరా సాహెబ్, "బడి పనికి ముసలమ్మెందుకు మేష్టారూ?" అన్నాడు నవ్వుతూ.

"బడి పని కాదు సాయిబూ" అన్నాడు బాలశౌరి. అక్కడ ఆగిపోదామనుకున్నాడు, మాట ఆగలేదు. "మా ప్రేమమ్మ బొమ్మ పెట్టారు. చూసొద్దామని."

మీరా సాహెబ్ నవ్వు మానేశాడు. ప్రేమమ్మను మట్టిచేసిన నాడు వచ్చినవాళ్ళలో అతనూ ఉన్నాడు. మెట్టుకు అడ్డం నిలబడ్డవాళ్ళను గదిమి, కిటికీ పక్కన ఆదెమ్మకు చోటు చేయించి, తలుపు తనే వేసి దిగిపోయాడు.

బండి కదిలింది. ఆదెమ్మ ఒక చేత్తో కిటికీ ఊచ పట్టుకుని, ఇంకో చెయ్యి మూట మీద పెట్టుకుని కూర్చుంది. వేళ్ళు మడవటం లేదు. "జట్కా, కొళాయి, అయ్యన్నీ తర్వాత" అంది. "ముందు పిల్లను చూద్దాం. కూడు యాడన్నా తింటాం, రొట్టెలున్నయ్ గదా." బాలశౌరి తలూపాడు. కోటు విప్పి మడిచి ఒళ్ళో పెట్టుకున్నాడు. పెదవులు కదుపుతూ, చక్రాల చప్పుడులో తనకే వినిపించేటట్టు, చెప్పాల్సిన మాట మొదలుపెట్టాడు. "ఆ ముఖం రాయిది కాదండీ..." అన్నాడు. అక్కడ మాట ఆగింది. మళ్ళీ మొదలుపెట్టాడు, మళ్ళీ అక్కడే ఆగింది.

"మా ఇంటిదానిది, అను" అంది ఆదెమ్మ, కిటికీలోంచి తల తిప్పకుండానే.

అన్నాడు.

"ఇనపళ్ళేదు" అంది.

మళ్ళీ అన్నాడు.